సవరణ: డైసీ పురస్కారానికి నర్సును ఎంపిక చేసే తీరు

పిల్లల ఆసుపత్రుల్లో నర్సులకిచ్చే డైసీ పురస్కారాన్ని యాజమాన్యమే సర్వీసును బట్టి ప్రకటిస్తుందన్న గత వ్యాసంలోని వాక్యాన్ని ఇలా సవరించి చదువుకోవాలి: రోగులు, వారి కుటుంబసభ్యులు, తోటి సిబ్బంది ఎవరైనా తాము చూసిన సేవను వివరిస్తూ నర్సు పేరు ప్రతిపాదించవచ్చు, వాటిని పరిశీలించి ఎంపిక చేసేది ఆసుపత్రిలోని కమిటీ. ఇది పిల్లల ఆసుపత్రులకే పరిమితమూ కాదు. 1999లో అమెరికాలో, రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన జబ్బుతో 33 ఏళ్లకే కన్నుమూసిన పాట్రిక్ బార్న్స్ కుటుంబం, ఆయనను కనిపెట్టుకున్న నర్సులకు కృతజ్ఞతగా దీనికి శ్రీకారం చుట్టింది. ఆకలి చచ్చిపోయిన రోజుల్లో పాట్రిక్, తండ్రి తెచ్చిన దాల్చినచెక్క రోల్‌ను ఇష్టంగా తిని, మర్నాడు నర్సులకూ తెమ్మన్నాడట; పురస్కారంతో పాటు ఆ రోల్స్ పంచే ఆనవాయితీ అలా వచ్చింది.

అదే వ్యాసంలో, కుటుంబ కేంద్రిత సేవ (జబ్బు పడ్డ పిల్లల సంరక్షణలో కుటుంబాన్నీ భాగం చేయడం) అంటే విజిటింగ్ వేళలు సడలించడమేనన్నట్టు ధ్వనించిన భాగానికీ వివరణ అవసరం. రౌండ్స్‌లో డాక్టర్లు మాట్లాడుతున్నప్పుడు తల్లిని బయటికి పంపకుండా మంచం పక్కనే ఉండనివ్వడం, ముక్కు గొట్టంతో పాలు పట్టడం ఆమె చేతనే చేయిస్తూ నేర్పడం, "రాత్రి బాబు ఎలా ఉన్నాడమ్మా?" అని ముందుగా ఆమెనే అడగడం అందులోని అసలు పని; నా దృష్టిలో, వేళలు మార్చడం కన్నా ఇదే కష్టం.