లాంచియా ఫుల్వియా: హెచ్‌ఎఫ్ మోజులో వెనకబడ్డ 1.3 ఎస్

ఇటలీ పాత స్పోర్ట్స్ కార్ల మాట వస్తే ఫెరారీ, ఆల్ఫా రోమియో తర్వాతే లాంచియా కంపెనీ వారి రెండు తలుపుల ఫుల్వియా కూపే గుర్తొస్తుంది. ఆ గుర్తొచ్చేది కూడా ర్యాలీల్లో పేరు తెచ్చుకున్న 1.6 హెచ్‌ఎఫ్ రకం ఒక్కటే. 1972 మాంటె కార్లో ర్యాలీలో సాండ్రో మునారి, మారియో మనూచి జోడీ ఆల్పైన్లనూ పోర్షేలనూ వెనక్కి నెట్టి గెలిచింది ఆ కారుతోనే. అప్పటి నుంచి పాత కార్లు సేకరించేవారి డబ్బంతా ఆ రెండు అక్షరాల చుట్టూ తిరుగుతోంది. ఫుల్వియా గొప్పతనం మాత్రం చిన్న ఇంజిన్ ఉన్న మామూలు 1.3 ఎస్‌లోనూ దాదాపు అంతా ఉంది.

ఆంటోనియో ఫెస్సియా రూపొందించిన ఫుల్వియా సెడాన్ 1963లో వచ్చింది. దాని 2,480 మిల్లీమీటర్ల వీల్‌బేస్‌ను (ముందు, వెనక చక్రాల మధ్య దూరాన్ని) 150 తగ్గించి, పియెరో కాస్తాన్యెరో గీసిన బాడీతో 1965లో కూపే తెచ్చారు. పైకప్పును మోసే స్తంభాలు సన్నగా ఉంటాయి, చుట్టూ అద్దాలే.

అసలు సంగతి బానెట్ కింద ఉంది. ఇది వి4 ఇంజిన్, అంటే నాలుగు సిలిండర్లు వి ఆకారంలో రెండు వరుసలుగా ఉంటాయి. ఆ వరుసల మధ్య కోణం సుమారు 13 డిగ్రీలే. వరుసలు అంత దగ్గరగా ఉండబట్టి రెండింటికీ కలిపి సిలిండర్ల పైన మూతలా ఉండే అల్యూమినియం హెడ్ ఒక్కటే సరిపోయింది. అందులో వాల్వులను తెరిచే ఇరుసులు, అంటే క్యామ్‌షాఫ్ట్‌లు రెండు: ఒకటి ఇన్‌లెట్ వాల్వులన్నిటినీ, ఇంకొకటి పొగ బయటికి పంపే ఎగ్జాస్ట్ వాల్వులన్నిటినీ నడుపుతుంది. బానెట్ ఎత్తు తగ్గాలని ఇంజిన్‌ను 45 డిగ్రీలు పక్కకు వాల్చారు. నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులే. ఇంత పనితనం 1,216 సీసీ, 80 హార్స్‌పవర్ తొలి కూపేకు! ఖర్చుకు వెనకాడకుండా ఇలాంటి కార్లు చేసిన లాంచియా అప్పుల్లో కూరుకుపోయి 1969లో ఫియట్ చేతికి వెళ్లింది.

1.6 హెచ్‌ఎఫ్‌లో 1,584 సీసీ, 115 హార్స్‌పవర్. పెద్ద హెడ్‌లైట్ల వల్ల ‘ఫనలోనె’ అని పేరుబడ్డ తొలి రకం 1,250 పైచిలుకే తయారైంది కాబట్టి ధర పలకడం సహజమే. దాంతోపాటే నకిలీలూ పుట్టుకొచ్చాయి. తలుపులు, బానెట్, డిక్కీ మూత అల్యూమినియంవేనని అయస్కాంతం పెట్టి చూపిస్తే నమ్మేయకండి. అవన్నీ బోల్టులు విప్పి మార్చగలిగేవే. ఛాసిస్, ఇంజిన్ రెండింటి నంబర్లూ 818.540 సిరీస్‌వి కావాలి. ఛాసిస్ నంబర్ 818.740 అని ఉంటే అది తర్వాత వచ్చిన లుస్సో రకం. మంచి కారే, కానీ ఫనలోనె ధరకు కొనాల్సింది కాదు.

ఏ ఫుల్వియా అయినా ముందు చూడాల్సింది సబ్‌ఫ్రేమ్, అంటే ముందు భాగం కింద విడిగా ఉండే చట్రం. ఇంజిన్, గేర్‌బాక్స్, ముందు సస్పెన్షన్ అన్నీ దాని మీదే కూర్చుంటాయి. అది రబ్బరు మౌంటింగుల మీద బాడీకి బిగించి ఉంటుంది. వెనక మౌంటింగులు బాడీని పట్టుకునే చోట బురద పేరుకుని, రేకు లోపలి నుంచి తుప్పు తింటుంది. కారును లిఫ్ట్ ఎక్కించి ఆ చోట స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడాలి. లోపల కార్పెట్ ఎత్తి అటువైపూ చూడాలి. కింద కొత్తగా నల్లటి అండర్‌కోటింగ్ దట్టంగా కొట్టి ఉంటే ఇంకా అనుమానించాలి. దీన్ని సరిగ్గా బాగు చేయాలంటే ఇంజిన్‌తో సహా సబ్‌ఫ్రేమ్‌ను కిందికి దింపాల్సిందే. అక్కడితో ఖర్చు తడిసి మోపెడవుతుంది. బయట పెయింట్ ఎంత తళతళలాడినా ఈ ఒక్క లోపంతో బేరం మానుకోవచ్చు.

తర్వాత హెడ్. బ్లాక్ పోత ఇనుము, హెడ్ అల్యూమినియం. కూలెంట్ కలపకుండా ఏళ్ల తరబడి ఉత్త నీళ్లు పోసి నడిపితే హెడ్‌ను బ్లాక్‌కు బిగించే స్టడ్ల చుట్టూ తుప్పు పట్టి హెడ్ బిగుసుకుపోతుంది. రేడియేటర్ మూత తీసినప్పుడు నీరు తుప్పురంగులో ఉంటే వెనక్కి తగ్గడం మంచిది. చాలాకాలం కదలకుండా నిలిపిన మొదటి సిరీస్ కార్లలో బ్రేకు డిస్కులను నొక్కే డన్‌లప్ క్యాలిపర్ల పిస్టన్లు పట్టేస్తాయి, వాటి విడిభాగాల కోసం వెతుక్కోవాలి.

అందుకే తరచూ నడపాలనుకునేవారికి 1970లో వచ్చిన రెండో సిరీస్ 1.3 ఎస్ సరైనది. దానికి గిర్లింగ్ బ్రేకులు, ఐదు గేర్లు ఉన్నాయి. 1,298 సీసీ, సుమారు 90 హార్స్‌పవర్. ఇంజిన్ ముందు ఇరుసుకు ముందే ఉండటంతో ముక్కు బరువు ఎక్కువ, వేగంగా మలుపు తీసుకుంటే కారు బయటికి జరగాలని చూస్తుంది. మలుపులోకి వెళ్లకముందే వేగం తగ్గించి, మలుపులో యాక్సిలరేటర్ వదలకుండా నొక్కి ఉంచితే, ఇంజిన్ శక్తి ముందు చక్రాలకే వెళ్తుంది కాబట్టి అవే కారును గీతలోకి తెస్తాయి.