ఆదివారం కాల్‌లో చెప్పని కబుర్లు

అమెరికాలో మన తెలుగు అసోసియేషన్ మీటింగుల్లో పిల్లల మాట వస్తే చాలు, తెలుగు రావట్లేదు, ఫోన్ వదలరు, పెళ్లి ఊసెత్తితే లేచి వెళ్లిపోతారు, ఇవే. అసలు వాళ్ల లైఫ్ వాళ్లకి నచ్చుతోందా అని అడిగినవాళ్లని నేను పెద్దగా చూళ్లేదు.

2024 వరల్డ్ హ్యాపీనెస్ రిపోర్ట్‌లో అమెరికా మొదటిసారి టాప్ 20 లోంచి జారి 23కి పోయింది. 60 దాటినవాళ్ల వరకే లెక్కేస్తే 10వ ప్లేసు, 30 లోపు వాళ్లది 62! ఒంటరితనం అంటారు, రెంట్లు అంటారు, సరే. మన ఇళ్ల సంగతి చూద్దాం.

ఎన్నిసార్లు ఫోన్ చేసుకుంటున్నారు అన్నది నా దృష్టిలో లెక్కే కాదు, చెడ్డ కబురు ముందు ఎవరికి చెప్తున్నారో చూస్తే ఆ ఇంటి సంగతి తెలిసిపోతుంది. "తిన్నావా?" "తిన్నా." "ఏంటి చిక్కిపోయావ్?" "కెమెరా అమ్మా." "ఆఫీసు?" "బానే ఉంది." అబ్బాయికి జాబ్ పోయి అప్పటికి రెండు వారాలు, ఓపీటీ (చదువయ్యాక పనిచేసే పర్మిషన్) మీద ఉన్నవాడు జాబ్ లేకుండా ఉండగలిగేది మొత్తం కలిపి 90 రోజులు, హెచ్1బీ (వర్క్ వీసా) అయితే ఎక్కువలో ఎక్కువ 60, ఈ టెన్షనంతా రూమ్మేట్‌కి తెలుసు, అమ్మకి తెలీదు. పొలం తాకట్టు పెట్టి పంపిన నాన్నకి ఏమని చెప్తాడు పాపం, చెప్పగానే "మరి వాళ్లబ్బాయికి ఏం కాలేదే" అంటారేమోనని భయం.

ఇక్కడే పెరిగిన పిల్లలకి ఇంకో రకం. మెడిసిన్ వద్దనుకున్న సంగతి ఇంట్లో చెప్పడానికి సెమిస్టర్లు పడుతుంది. హెచ్4 (హెచ్1బీ వాళ్ల భార్య/భర్త, పిల్లలకిచ్చే వీసా) మీద ఉండి 21 నిండితే వీసా గోల అదనం.

అలాగని 18 రాగానే వదిలేయండి అనే మాట నాకు ఎక్కదు. ఏదైనా అయితే వెనక ఇల్లుంది అన్న ధైర్యం చిన్న విషయం కాదు. కానీ ఆ ఇంటికి కష్టం మోసుకెళ్లే వీలుండాలి కదా.

కోపం రావచ్చు గానీ, దాచడం నేర్పింది మనమే. ఊళ్లో పెద్దాయనకి స్టెంట్ వేసి డిశ్చార్జ్ అయ్యాక ఫోన్, "నువ్వు కంగారు పడతావని చెప్పలేదు నాన్నా". అక్కడ వాళ్లు దాస్తారు, ఇక్కడ వీళ్లు దాస్తారు, అందరిదీ ప్రేమే.

సైకాలజిస్ట్ ఎడ్ డీనర్ వాళ్లు 1985లో లైఫ్ శాటిస్‌ఫాక్షన్ కొలవడానికి ఐదే వాక్యాల స్కేల్ పెట్టారు, ఒక్కోదానికి 1 నుంచి 7 మార్కులు. చివరిది, మళ్లీ బతికే ఛాన్స్ వస్తే దాదాపు ఏదీ మార్చుకోను అన్నది. బ్రాంచి మనం సెలెక్ట్ చేసి, యూనివర్సిటీ కన్సల్టెన్సీ వాడు సెలెక్ట్ చేస్తే, పిల్లాడు దానికి ఎన్ని మార్కులేసుకుంటాడు చెప్పండి?

సంక్రాంతి ప్రోగ్రాంలో యూత్ సెషన్ పెడితే పేరెంట్స్‌ని బయట కాఫీల దగ్గర కూర్చోబెట్టండి, లోపల ప్రైజులు, సన్మానాలు వద్దు. ఈలోగా ఆదివారం కాల్‌లో మీ షుగర్ ఎంతుందో మీరే ముందు నిజం చెప్పండి, వాళ్లేం చెప్తారో చూద్దాం.