పిట్టకథ కాదు మహాప్రభో!

నేను చూశాను. ఈ రెండు కళ్లతో చూశాను. ఈ ప్రాంతంలో ఇంతవరకు ఎవరూ నమోదు చేయని పిట్టను, ఎండకు ఎదురుగా నిలబడి, పూర్తిగా నాలుగు సెకన్లపాటు చూశాను. ఇంతకుమించి ఏ కోర్టయినా సాక్ష్యం అడుగుతుందా? అరుదైన పక్షుల రికార్డుల కమిటీ అడుగుతుంది. ఎవరైనా వింత పిట్టను చూశామంటే, నమ్మాలో వద్దో తేల్చేది వాళ్లే.

వాళ్ల ఫారం ముందు పోలీసు విచారణ ఎందుకూ పనికిరాదు. దూరమెంత? వెలుతురు ఎటునుంచి? కాళ్ల రంగేమిటి? రెక్క మీద చార ఒకటా, రెండా? దీన్ని పోలిన మిగతా పిట్టలు కావని ఎలా తేల్చారు? ఈ జాతిని ఇదివరకు చూశారా? (రోజూ చూస్తుంటే ఫారం ఎందుకు నింపుతానండీ!) చివర్లో ఇంకొకటి: ఈ వివరాలు పిట్ట ఎదురుగా ఉండగా రాసుకున్నారా, పుస్తకం తెరిచాక రాశారా? ఇది మరీ వ్యక్తిగతమైన ప్రశ్న. ఆ గడి వదిలేశాను.

ఫొటో జతచేశాను. అందులో ముందున్న ఆకు ఈనెలతో సహా, ఈనె మీది చీమతో సహా అద్భుతంగా వచ్చింది. వెనక గోధుమరంగు మసక. ఆ మసకలో కంటిపై తెల్లచార నాకు స్పష్టంగా కనిపిస్తోంది. మా ఆవిడకూ కనిపించింది, మూడోసారి చూపించాక. జూమ్ చేస్తే ఆకే పెద్దదవుతోందని కమిటీవాళ్ల ఫిర్యాదు.

నేను చూసింది లీఫ్ వార్బ్లర్, అంటే ఒకదాన్నొకటి అచ్చం పోలిన చిన్న పిట్టల్లో ఒకటి. పిట్ట కొంచెం కూత ఘనం అన్న పెద్దలు వీటిని చూసే అని ఉంటారు. కొన్నిటిని విడదీయాలంటే కూతే గతి. అందుకే రికార్డింగూ పంపాను. అందులో ‘అదిగో, అదిగో!’ అన్న నా కూత చక్కగా వినిపిస్తుంది.

పూర్వం ఈ బాధ లేదు. తుపాకీతో పేల్చి శవాన్ని బల్లమీద పెడితే రికార్డు, తప్పిపోతే పుకారు. శవం అబద్ధమాడదని నమ్మకం. ఇంగ్లండ్‌లో హేస్టింగ్స్ చుట్టుపక్కల 1892 నుంచి 1930 దాకా అలాంటి నమ్మకమైన శవాలు వందల్లో పోగయ్యాయి. ఒక్కచోటే ఇన్ని వింతలేమిటని ఒక గణాంక నిపుణుడు పక్క ప్రాంతాల రికార్డులతో పోల్చి లెక్కలు కట్టాడు. సహజంగా ఇలా జరగదని తేలింది, ఆ శవాలు బయటినుంచి తెచ్చినవన్న అనుమానం బలపడింది. దాంతో 1962లో ఆ రికార్డులు దాదాపు 600 రద్దు చేశారు. జాతులూ ఉపజాతులూ కలిపి 29 పేర్లు బ్రిటన్ పక్షుల జాబితాలోంచి పోయాయి. తమాషా ఏమిటంటే, వాటిలో చాలావరకు తర్వాత నిజంగానే వచ్చి, చక్కగా కనబడి, మళ్లీ జాబితాకెక్కాయి. పిట్టల తప్పేమీ లేదు పాపం.

కమిటీవాళ్లు సందు దొరికితే చెప్పే ఇంకో కథ ఫారెస్ట్ ఔలెట్‌ది. రిచర్డ్ మైనర్ట్‌జ్‌హాగెన్ అనే కల్నల్ మ్యూజియంలోంచి ఈ గుడ్లగూబ నమూనాను కొట్టేసి, 1914లో గుజరాత్‌లో పట్టానని చీటీ తగిలించాడు. ఆ చీటీని నమ్మడం మానేసి, నిజమైన పాత నమూనాలు దొరికిన వైపు వెతికితే 1997లో మహారాష్ట్రలో బతికున్న గూబే కనిపించింది. కల్నల్ చేసిన దొంగతనానికి నేను ఫారం నింపాలా?

పైగా ఎంత స్పష్టంగా చూసినా గండం గడవదు. అది పంజరంలోంచి తప్పించుకున్నది కాదని తేలాలి. కాలికి రింగుందా, తోక ఈకలు అరిగాయా అని చూస్తారు. వలసొచ్చే పిట్టలే గుర్తింపు కార్డు వెంటతెచ్చుకుని, వెలుతురు చూసుకుని, కొమ్మ చివర రెండు నిమిషాలు పక్కకు తిరిగి కూర్చునేలా ఒక నిబంధన పెడితే అందరికీ సుఖం.

జవాబు వచ్చింది. ‘మీ నిజాయితీని శంకించడం లేదు. గుర్తింపు నిరూపణ కాలేదు.’ ఎంత మర్యాదగా తిట్టారో చూడండి. అప్పీలు చేశాను. అయితే ఆ రోజు అక్కడికక్కడే రాసుకున్న నోట్‌బుక్ పేజీని ఫొటో తీసి పంపమన్నారు. తీశాను. ఇదొక్కటే ఫోకస్ బాగా కుదిరింది. అందులో మూడే ముక్కలు: ‘చిన్నది. గోధుమరంగు. ఎగిరిపోయింది.’