పుష్కర్‌కు సంత రోజుల్లోనా, సంత ముగిశాకా?

రాజస్థాన్‌లో అజ్మీర్ పక్కనున్న పుష్కర్ క్షేత్రానికి కుటుంబ సమేతంగా వెళ్లాలని మా ఇంట్లో నిశ్చయమైంది గాని, కార్తికంలో జరిగే ఒంటెల సంత రోజుల్లో వెళ్లాలా, ఆ సందడి అణగిన తరువాత మాఘంలో వెళ్లాలా అన్నది తేలలేదు. మాఘం అన్నవారు మా బాబాయి, కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవారు. సంత రోజులే మేలన్నది మా అక్క, పశువుల డాక్టరు. ఇద్దరూ ఆ ఊరిని ఒక్కోసారి చూసినవారే. టికెట్లు కొనవలసిన పని నాది కాబట్టి ఇద్దరి వాదమూ శ్రద్ధగా విని రాసిపెట్టాను.

బాబాయి: ముందుగా ఒక మాట స్పష్టం చేస్తాను. పన్నెండేళ్లకోసారి గోదావరికీ కృష్ణకూ వచ్చే పుష్కరం వేరు, ఈ పుష్కర్ వేరు. మన వీధిలోనే ఇద్దరు పెద్దమనుషులు రెంటినీ కలిపేసి, ఇప్పుడు గురుడు ఏ రాశిలో ఉన్నాడని నన్ను అడిగారు. ఇది బ్రహ్మ యజ్ఞం చేశాడని చెప్పే చోటు. సావిత్రి రావడం ఆలస్యమైతే, ముహూర్తం మించిపోతుందని గాయత్రిని పక్కన కూర్చోబెట్టుకుని ఆయన యజ్ఞం కానిచ్చాడనీ, ఆ కోపంతో సావిత్రి ఇంకెక్కడా నీకు పూజ జరగకుండుగాక అని శపించి కొండెక్కి కూర్చుందనీ కథ. ఆమె గుడి ఇప్పటికీ ఆ కొండ మీదే ఉంది. ఇంత కథ ఉన్న ఊరికి పోయి, ఒంటె పక్కన నిలబడి ఫోటో దిగి రావడం నాకు సమ్మతం కాదు. మాఘంలో వెళితే, సరస్సు చుట్టూ ఉన్న 52 ఘాట్లలో ఏ మెట్టు మీదనైనా ఒక గంట కూర్చుని, ఎవరి మోచేయీ తగలకుండా జపం చేసుకోవచ్చు.

డాక్టరమ్మ: ఇంకెక్కడా పూజ లేదన్న మాటకు మన చేబ్రోలు ఒప్పుకోదు బాబాయ్, అక్కడ కోనేటి నడుమ నాలుగు ముఖాల బ్రహ్మకు గుడి ఉంది. అది అలా ఉంచండి. మీరు సంతను క్షేత్రానికి అంటుకున్న దుమ్ములాగా చూస్తున్నారు. ఏడాది పొడుగునా మందల వెంట తిరిగే రైకా కులపు ఒంటెల కాపరికి ఒంటెను అమ్మడమూ, ఆ డబ్బుతో ఇంటికి కావలసినవి కొనడమూ, సరస్సులో మునగడమూ మూడు ప్రయాణాలు కావు, ఒకటే ప్రయాణం. మన తిరునాళ్లలో ప్రభ ఒకవైపు, ఎడ్ల పందెం ఒకవైపు, పశువుల బేరాలు ఇంకొకవైపు జరుగుతుంటే మీరు ఏనాడైనా తప్పుపట్టారా? పుష్కర్‌లోనే దక్షిణాది గోపురంతో కనిపించే పాత రంగ్‌జీ ఆలయాన్ని 19వ శతాబ్దిలో కట్టించింది ఎవరు? హైదరాబాద్‌లో వ్యాపారం చేసిన పూరన్‌మల్ గనేరీవాల్ అనే సేఠు. వర్తకుడి డబ్బు గోపురమైతే దండం పెడతాం, అదే డబ్బు ఇసుక మీద చేతులు మారుతుంటే ముఖం తిప్పుకుంటామా?

బాబాయి: తిరునాళ్ల ఎద్దును చూడటానికి ఎవరూ విమానమెక్కి రాలేదమ్మా. నా అభ్యంతరం బేరానికి కాదు, వేడుక చూడవచ్చిన గుంపుకు. మీసాల పోటీలు, గాలి బుడగల విహారాలు, రంగుల రాట్నాలు, డేరాల్లో నక్షత్ర హోటళ్లు, వీటిలో యాత్ర ఎక్కడ, సంత ఎక్కడ? నేను 2009లో సరిగ్గా ఆ రోజులకే వెళ్లాను. పూడిక తీయడం కోసం సరస్సులో నీరు తోడివేశారు, తీరా ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. కార్తిక పూర్ణిమ నాడు, ఇంత దూరం వెళ్లి, నేను మునిగింది సరస్సులో కాదు, పక్కన కట్టిన తొట్టిలో. నీరు మోకాళ్ల దాకా వచ్చింది. నా ముందు మునిగిన వారి తలనూనె ఆ నీటి మీద ఇంద్రధనుస్సులా తేలుతుంటే, దాన్ని చేత్తో పక్కకు నెట్టి సంకల్పం చెప్పుకున్నాను. గట్టు ఎక్కగానే ఒకాయన చేతిలో పువ్వు పెట్టాడు, మణికట్టుకు ఎర్రదారం కట్టాడు, తాతముత్తాతల పేర్లన్నీ చెప్పించాడు, చివరికి తల ఒక్కింటికి ఇంత అని లెక్కకట్టాడు. పుష్కరానికి వెళ్లడమే దుష్కరం, అక్కడ తపస్సు దుష్కరం, దానం దుష్కరం అని భారతంలోని తీర్థయాత్రా పర్వం చెబుతుంది. దానం ఎందుకు దుష్కరమో నాకు ఆనాడు తెలిసింది.

డాక్టరమ్మ: పువ్వు చేతిలో పెట్టేవాడు మాఘంలోనూ పెడతాడు, గుంపు పలచగా ఉంటే ఇంకా తీరికగా పెడతాడు. సరస్సు ఎండిన పాపం కాపరులది కూడా కాదు. మీరు చూసిన పుష్కర్ ఘాట్ల దగ్గర మొదలై ఘాట్ల దగ్గరే ముగిసింది, ఊరి అంచున ఇసుక దిబ్బల వైపు మీరు వెళ్లనేలేదు. నేను చదువుకునే రోజుల్లో తోటి విద్యార్థులతో అక్కడ రెండు రోజులున్నాను. తెల్లవారుజామున పేడ పిడకల పొగ నేలకు అంటుకుని ఉంటుంది, ఆ పొగలోంచి ముందుగా ఒంటెల మెడలు బయటపడతాయి. ఒక ముసలి రైకా, ఎర్ర తలపాగా, చెవులకు బంగారు పోగులు, ఒంటె పైపెదవిని బొటనవేలితో పైకెత్తి కొనేవాడికి పళ్లు చూపించాడు. నేను పుస్తకంలో పటం చూసి నేర్చుకున్న వయసు లెక్క ఆయన వేలి కొసన ఉంది. కొనేవాడు పళ్లు చూశాడు, అరికాలి మెత్త నొక్కి చూశాడు, పది అడుగులు నడిపించమన్నాడు, చివరికి తల అడ్డంగా ఊపి పక్క మందలోకి వెళ్లిపోయాడు. ముసలాయన ఏమీ అనలేదు. పెదవి వదిలి, అదే చేత్తో ఒంటె గడ్డం కింద గోకాడు. సాయంత్రం దాకా ఆయన తెచ్చిన వాటిలో ఒక్కటీ అమ్ముడు కాలేదు.

బాబాయి: చూశావా, నా వాదానికి సాక్ష్యం నువ్వే చెప్పావు! అమ్ముడుపోని ఒంటెల సంత సంత ఎట్లా అవుతుంది? ఇటీవలి సంవత్సరాల్లో అక్కడికి వచ్చే గుర్రాల సంఖ్య ఒంటెలను మించిందని పత్రికల్లో చదివాను. 2020లో కోవిడ్ వల్ల మేళా జరగలేదు. 2022లో ముద్దచర్మ వ్యాధి భయంతో పశువులను రానివ్వలేదు, అయినా మేళా మాత్రం జరిగింది. పశువు లేకుండానే పశువుల సంత జరిగిపోయిందంటే, అది ఎవరి కోసం జరుగుతున్నట్లు? ఆ ముసలాయన ఒంటెకు గిరాకీ లేదు, ఆయన తలపాగాకు ఉంది. కెమెరా పట్టుకున్న పది మంది మధ్య ఆయన నిలబడి ఉంటే, పదకొండో మనిషిగా నేను వెళ్లి నిలబడాలా?

డాక్టరమ్మ: అది కాదనలేని మాటే. తలపాగా సంగతి నాకూ సిగ్గుగానే అనిపించింది. రెండో రోజు ఫోను సంచిలోంచి తీయలేదు. అయితే ఒంటె ఎందుకు అమ్ముడుపోలేదో కూడా చెప్పనివ్వండి, ఎందుకంటే అది వినోదం వల్ల వచ్చిన చేటు కాదు. దేశంలో 2012 పశుగణనలో సుమారు 4 లక్షల ఒంటెలుంటే 2019 నాటికి రెండున్నర లక్షలు మిగిలాయి. రాజస్థాన్ ఒక్కదానిలోనే 3.26 లక్షల నుంచి 2.13 లక్షలకు దిగాయి. బరువు మోసే పని ట్రాక్టరూ చిన్న లారీలూ లాక్కున్నాయి, మేత బీళ్లు సాగులోకి వెళ్లాయి. 2014లో ఒంటెను రాష్ట్ర జంతువుగా ప్రకటించి, 2015లో వధను నిషేధిస్తూ, రాష్ట్రం దాటించడాన్ని కట్టడి చేస్తూ చట్టం తెచ్చారు. ఉద్దేశం మంచిదే. కాని బయటి రాష్ట్రాల కొనుగోలుదారు రావడానికి జంకితే మగ ఒంటెకు ధర ఎవరు పెడతారు? ధర లేని జంతువును పేదవాడు ఎన్నేళ్లు మేపుతాడు? కాపాడాలని తలుపు వేస్తే లోపలివాడికి ఊపిరాడలేదు.

బాబాయి: మన పాత తెలుగులో దాన్ని లొట్టిపిట అనేవారు. ఆ మాట ఎలాగూ పోయింది, ఇప్పుడు జంతువు కూడా పోతున్నదన్నమాట. సరే, విచారకరమే. కాని మనం వెళ్లి ఏం చేస్తాం? మన వాకిట్లో కట్టెయ్యడానికి ఒంటెను కొనం గదా.

డాక్టరమ్మ: కొనం. మనం వెళ్లినందువల్ల ఒక్క ఒంటె కూడా బతకదు, ఆ మాట నేను చెప్పను. నేను చెప్పేది వేరు. మీరు వద్దంటున్న గుంపూ నేను చూడమంటున్న సంతా ఒకే రోజుల్లో జరగవు. దీపావళి వెళ్లిన వెంటనే, శుద్ధ పాడ్యమి విదియల నుంచే మందలు దిబ్బల మీదికి చేరతాయి. అష్టమి దాకా బేరాలు ముమ్మరంగా ఉంటాయి. ఏకాదశి నుంచి పూర్ణిమ వరకు అయిదు రోజులు స్నానాల రద్దీ. అప్పటికి చాలామంది కాపరులు తిరుగుముఖం పట్టి ఉంటారు. మీరు 2009లో వెళ్లింది జనం వచ్చే రోజులకు, పశువులు వెళ్లిపోయే రోజులకు. సప్తమికి దిగుదాం. మూడు రోజులు ఉదయం దిబ్బలు, సాయంత్రం ఘాట్లు. మీకు కావలసిన నిశ్శబ్దం ఆ సాయంత్రాల్లో ఎంతో కొంత దొరుకుతుంది. ఏకాదశి తెల్లవారుజామున స్నానం చేసి అజ్మీర్ వెళ్లి రైలెక్కుదాం.

బాబాయి: ఏకాదశికే తిరుగు ప్రయాణమా? పూర్ణిమ స్నానం వదిలేసి రమ్మంటావా? కార్తికంలో పుష్కర్ దాకా వెళ్లి కూడా పూర్ణిమకు మునగకుండా వచ్చామంటే మీ పిన్ని నన్ను ఇంట్లోకి రానిస్తుందా?

డాక్టరమ్మ: ఇందాకటి దాకా అసలు కార్తికమే వద్దన్నారు బాబాయ్. ఇప్పుడు పూర్ణిమ కోసం బేరమాడుతున్నారు.

బాబాయి: సందర్భం వచ్చింది కాబట్టి అన్నాను. సిమెంటు తొట్టి స్నానం ఒకటి లెక్కలో మిగిలిపోయింది గదా. దశమికి దిగి, పూర్ణిమ దాకా ఉందాం.

డాక్టరమ్మ: దశమికి మీకు దిబ్బల మీద గుర్రాలూ ఫోటోలవాళ్లూ కనిపిస్తారు, ఒంటెలు పలచబడతాయి. సప్తమి.

బాబాయి: నవమి.

డాక్టరమ్మ: సప్తమికి దిగి పూర్ణిమ దాకా అంటే తొమ్మిది రోజులు. నాకు అంత సెలవు లేదు. మీరూ పిన్నీ ఉండండి, నేను ఏకాదశికి వచ్చేస్తాను. అప్పుడైనా సప్తమికి ఒప్పుకుంటారా?

బాబాయి: మన సంతల్లో తేలని బేరాన్ని నలుగురి ముందు నోటితో చెప్పరమ్మా. ఇదిగో, ఈ కండువా కింద చేయి పెట్టు, వేళ్లతో చెబుతాను.