ఆకు మీద చల్లిన ప్రోటీను హరితరేణువులోకి చేరదు

సార్వా (ఖరీఫ్) వరి చేలు పసుపు తిరిగితే చాలు, గోదావరి డెల్టా రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం మొదలవుతుంది. "ప్రోటీను ద్రావణం పిచికారీ చేస్తే ఆకులోకి ఇంకి నేరుగా హరితరేణువుల్లోకి చేరుతుంది. కొత్త పత్రహరితం పుడుతుంది. ఇక యూరియా అక్కర్లేదు." హరితరేణువులంటే ఆకు కణాల్లో ఆహారం తయారయ్యే చిన్న భాగాలు, పత్రహరితం వాటిలోని పచ్చరంగు పదార్థం. సందేశంతో ఫొటోలు కూడా ఉంటాయి: ముందు పసుపు, తర్వాత పచ్చ.

ముందుగా ఈ ఇంకడం సంగతి. వరి ఆకు పైన మైనపు పొర, దాని కింద కణకవచం ఉంటాయి. యూరియా చిన్న అణువు కాబట్టి లోపలికి పోగలదు. ప్రోటీను సాధారణంగా వందలాది ఎమైనో ఆమ్లాల గొలుసు, దానికి ఆ దారి చాలదు. ముక్కలుగా విడగొట్టిన ద్రావణాల్లోని విడి ఎమైనో ఆమ్లాలు కొంత లోపలికి వెళ్తాయి, నిజమే. అయితే అప్పుడు వెళ్లింది ప్రోటీను కాదు, కాస్త నత్రజని.

"నేరుగా హరితరేణువుల్లోకి" అన్న మాట మరీ అన్యాయం. హరితరేణువులో దాదాపు 3,000 రకాల ప్రోటీన్లు ఉంటాయి. వాటిలో దాని సొంత డీఎన్ఏ నుంచి వచ్చేవి వంద లోపే. మిగతావి కేంద్రకంలోని జన్యువుల ప్రకారం బయట కణద్రవ్యంలో తయారై లోపలికి రావాలి. అలాంటి ప్రతి గొలుసుకూ సాధారణంగా ముందు కొసన చిరునామా వంటి ఒక వరుస ఉంటుంది. వెలుపలి పొరలోని టాక్ అనే ద్వారం ఆ వరుసను గుర్తుపడుతుంది, లోపొరలోని టిక్ గొలుసును లోపలికి లాగుతుంది. ఇందుకు శక్తి ఖర్చవుతుంది. లోపలికి చేరాక ఒక ఎంజైము ఆ వరుసను కత్తిరించేస్తుంది, ఆ తర్వాతే గొలుసు మడతపడి పనికొస్తుంది. కార్బన్ డయాక్సైడును పట్టే రుబిస్కోనే చూడండి: దాని 8 పెద్ద భాగాలు హరితరేణువులోనే తయారవుతాయి, 8 చిన్న భాగాలు ఈ ద్వారాల గుండా వస్తాయి. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాకు గుర్తులూ వేరు, ద్వారాలూ వేరు. ప్రోటీన్లలోనే వాటి గమ్యం రాసి ఉంటుందని చూపినందుకే శాస్త్రవేత్త గుంటర్ బ్లోబెల్‌కు 1999లో నోబెల్ వచ్చింది. డబ్బాలోని సోయా ప్రోటీనుకో చేప ప్రోటీనుకో ఈ గుర్తు ఎక్కడిది? ఉన్నా, కణం బయట దాన్ని చదివేవారు ఎవరు?

పత్రహరితం అసలు ప్రోటీనే కాదు. వరిలో దాన్ని తయారుచేసే ఎంజైములు కూడా ఆ ద్వారాల గుండా వచ్చినవే.

ఇక ఫొటోలు. ముంపు వల్ల పసుపు తిరిగిన చేను నీరు లాగాక చాలాసార్లు తనంతట తానే కోలుకుంటుంది. ఆ పచ్చదనాన్ని డబ్బా ఖాతాలో వేస్తున్నారు. యూరియా మానేయమనడం మాత్రం ఊరికే వదిలేయదగ్గ మాట కాదు, నష్టపోయేది కౌలు రైతు. ముదురు ఆకులు ముందుగా పసుపు తిరిగితే నత్రజని లోపమేమో చూడాలి. లేత ఆకుల నడిమి ఈనె మొదలు దగ్గర పాలిపోయి, కింది ఆకులపై తుప్పు రంగు మచ్చలు వస్తే జింకు లోపం. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి పిచికారీ చేయాలి. మురుగు కాలువ పూడి చేలో నీరు నిలిచి ఉంటే ఏ మందుకన్నా ముందు ఆ నీరు తీయాలి.