“ల్యాండ్ అయ్యింది కదా” అని టీవీ కట్టేశాడు

రాత్రి జరిగింది. నిద్ర పట్టలేదు, ఇప్పటికీ కోపం తగ్గలేదు.

మా అన్నయ్య కొడుకు సెలవులకి వచ్చాడు. విమానం సినిమా ఏదైనా పెట్టు బాబాయ్ అంటే, సంబరంగా 1970 నాటి ‘ఎయిర్‌పోర్ట్’ పెట్టాను. పావుగంట కూడా కాలేదు, రిమోట్ లాక్కున్నాడు. “బాంబు ఎప్పుడు పేలుతుంది?” అంటూ ముందుకి జరపడం మొదలుపెట్టాడు. మంచు తుపాను పోయింది. 29వ నంబరు రన్‌వేకి అడ్డంగా మంచులో కూరుకుపోయిన బోయింగ్ 707 పోయింది. ఒక్క రాత్రిలో ఇటు విమానాశ్రయం, అటు సంసారం రెండూ చేయిజారిపోతుంటే నలిగిపోయే విమానాశ్రయం మేనేజర్ బర్ట్ లాంకాస్టర్ కూడా పోయాడు. ఆ రన్‌వే ఖాళీ కాకపోతే గాల్లో దెబ్బతిన్న విమానానికి దిగే దారి లేదురా! అది తెలిసినవాడికే కదా టెన్షన్! మెకానిక్‌గా చేసిన జార్జ్ కెనెడీ ఇంజన్లకి పూర్తి పవర్ ఇచ్చి ఆ 707ని బయటికి తెస్తుంటే నాకు ఇప్పటికీ అరచేతులు తడిసిపోతాయి.

సరే, అదీ ఓర్చుకున్నాను. విమానం దిగింది. “ల్యాండ్ అయ్యింది కదా, అయిపోయింది” అని టీవీ కట్టేశాడు.

ఎక్కడ అయిపోయింది? ఆ బాంబు తెచ్చినవాడు రాక్షసుడేం కాదు. పని పోయి, చేతిలో డబ్బుల్లేక, తను చస్తే ఇన్సూరెన్స్ సొమ్మైనా భార్యకి దక్కుతుందనుకున్న మనిషి. ఆ భార్య ఇనెజ్ అక్కడే, ఆ విమానాశ్రయంలోనే ఉంది. బతికి బయటపడ్డ ప్రయాణికులు దిగి వస్తుంటే, వాళ్ల మధ్య నిలబడి ఏడుస్తూ క్షమాపణ చెప్పుకుంటుంది. తను చెయ్యని పాపానికి! ఇనెజ్‌గా మోరీన్ స్టేపుల్టన్ ఆ ఒక్క సీన్‌లో చేసింది చూసి నేను కళ్లు తుడుచుకోని రోజు లేదు. వీడు సరిగ్గా దానికి ముందు కట్టేశాడు.

అసలు ఆస్కార్ వాళ్లే ఆమెని పట్టించుకోనప్పుడు వీణ్ని అనడం దేనికి? పది నామినేషన్లు వస్తే ఈ సినిమాకి దక్కింది ఒకే ఒక్క ఆస్కార్, ఉత్తమ సహాయనటి. అది హెలెన్ హేస్‌కి ఇచ్చారు. టికెట్ లేకుండా విమానాలెక్కే ముసలావిడ పాత్ర. బాగా చేసింది, నాకూ ఇష్టమే, కాదనను. కానీ అదే విభాగంలో, అదే సినిమాకి స్టేపుల్టన్ కూడా పోటీలో ఉంది! ఆ నవ్వించిన బామ్మకి ఇచ్చి, ఇంత ఏడిపించిన మనిషిని ఉత్త చేతులతో పంపడానికి మనసెలా ఒప్పింది? గోల్డెన్ గ్లోబ్ అవార్డు వాళ్లు నయం, ఇంకో నటి కారెన్ బ్లాక్‌తో కలిపైనా ఇచ్చారు. ఆస్కార్ కోసం స్టేపుల్టన్ ‘రెడ్స్’ సినిమా దాకా, పదకొండేళ్లు ఆగాల్సి వచ్చింది. ఈ మాట ఎవరితో అన్నా “ఎప్పటి గొడవో, వదిలెయ్” అంటారు. నేను వదలను.

వాడింకా లేవలేదు. లేచాక కాఫీ ఇచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని ఆ సీన్ చూపిస్తాను.