కుర్చీకి తగిన మనిషి కావలెను

విశాఖలో పొడుగువాళ్ల ఆగడాలు శ్రుతి మించుతున్నాయి. రుషికొండ ఐటీ కొండ నుంచి గాజువాక దాకా ఏ ఆఫీసులో చూసినా ఒకటే గోల. సీటు కిందకి ఉందట, నడుం పట్టేస్తోందట, మోకాళ్లు టేబులుకు కొట్టుకుంటున్నాయట. భారీకాయులది ఇంకో రాగం: హ్యాండిళ్ల మధ్య తొడలు ఇరుక్కుని, లేచినప్పుడు కుర్చీ కూడా వెంట లేస్తోందట. మనుషుల తరఫున మాట్లాడేవాళ్లు ఇంతమంది ఉన్నారు గానీ, పాపం కుర్చీ తరఫున వకాల్తా పుచ్చుకున్నవాడు ఒక్కడూ లేడు. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు ముక్కలు.

అసలు కుర్చీ చేసిన తప్పేమిటి? బజార్లో దొరికే మామూలు రివాల్వింగ్ చైర్ సీటు నేల నుంచి సుమారు 42 సెంటీమీటర్ల ఎత్తున మొదలై 50, 52 దగ్గర ఆగుతుంది. పుట్టినప్పటి నుంచీ అదే మాట మీద ఉంది. నిలకడ లేనిది మనుషులకే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ అంతటిది కూడా 2020లో ప్రామాణిక భారతీయ పురుషుడి బరువును 60 కిలోల నుంచి 65కు పెంచాల్సి వచ్చింది. పర్చేజ్ కమిటీలు అలా మాట మార్చవు. వాటి ఫైల్లో ఉద్యోగి అంటే నేటికీ అయిదున్నర అడుగులు, 60 కిలోలు. ఆరడుగుల మూడంగుళాలతో, 110 కిలోలతో ఎవరైనా చేరారంటే హెచ్‌ఆర్‌ను మోసం చేసి చేరినట్టే లెక్క.

బీచ్ రోడ్డు మీద కుర్సురా జలాంతర్గామి 2002 నుంచి మ్యూజియంగా ఉంది. పొడుగువాళ్లు టికెట్టు కొనుక్కుని మరీ లోపలికెళ్లి, తలొంచుకుని నడిచి బయటికొస్తారు. నోరెత్తరు. జీతమిచ్చే చోట మాత్రం నిటారుగా కూర్చోవాలట!

సరే, మొండికేసినవాళ్లను దారికి తేలేం కాబట్టి ముద్దాయి కొలతలు తీసుకుందాం. ఆఫీసుకు వేసుకెళ్లే బూట్లతోనే గట్టి స్టూలు మీద, తొడలు నేలకు సమాంతరంగా ఉండేట్టు కూర్చోబెట్టాలి. నేల నుంచి మోకాలి వెనక గుంట దాకా టేపు పడితే సీటు ఎత్తు తేలుతుంది. కూర్చోగానే ఫోమ్ రెండు మూడు సెంటీమీటర్లు కుంగుతుంది గనక అంత కలుపుకోవాలి. పిరుదుల వెనక నుంచి మోకాలి గుంట దాకా కొలిచి అయిదు తీసేస్తే సీటు లోతు. తుంటి దగ్గరి వెడల్పుకు అయిదు కలిపితే రెండు హ్యాండిళ్ల మధ్య ఉండాల్సిన ఖాళీ. దుకాణంలో చెప్పే సీటు వెడల్పుతో దీనికి సంబంధం లేదు. సీటు 52 అంటారు, హ్యాండిళ్లు లోపలికి వంగి 46 మిగులుస్తాయి. చివరిది బరువు. ఇందులో ముద్దాయి వాంగ్మూలం చెల్లదు, కాటా ఎక్కించాల్సిందే.

పొడుగువాళ్లు ఎత్తు గురించే గొడవపడతారు గానీ అసలు చిక్కు లోతు దగ్గరుంది. మామూలు సీటు లోతు 44 నుంచి 46. ఆరడుగుల మూడంగుళాలవాడికి 50 అయినా కావాలి. వీపు పూర్తిగా ఆనించి కూర్చున్నాక సీటు అంచుకూ పిక్కకూ మధ్య మూడు వేళ్లు పడితే చాలు. జానెడు ఖాళీ మిగిలిందంటే తొడల బరువు మోసే దిక్కు లేదు. మనిషి మెల్లగా ముందుకు జారతాడు, నడుం ఆనుడు తప్పుతుంది, మధ్యాహ్నం మూడయ్యేసరికి సీట్లో పడుకున్నట్టు కనిపిస్తాడు. అప్రైజల్‌లో దాన్ని బద్ధకం అని రాస్తారు. సీటు ముందుకు జరిగే స్లైడర్ ఉంటే అయిదారు సెంటీమీటర్లు కలిసొస్తాయి. పొట్టిగా లావుగా ఉండేవాళ్ల సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. వాళ్లకు కావాల్సింది వెడల్పు. లోతు పెరిగితే సీటు అంచు పిక్కల్ని నొక్కి కాళ్లు తిమ్మిరెక్కిస్తుంది. కమిటీ ఇద్దరినీ ‘పెద్ద సైజు’ అని ఒకే వరసలో రాసి, ఒకే కుర్చీ తెప్పిస్తుంది. సమన్యాయం.

ఆ పెద్ద సైజు కుర్చీ ఏదో తెలిసిందే: బాస్ చైర్. ఆఫీసుల్లో కుర్చీ వీపు హోదాను బట్టి పెరుగుతుంది. అయిదడుగుల నాలుగంగుళాల జీఎం గారి తల పైన ఇంకో జానెడు రెగ్జిన్ లేచి ఉంటుంది. ఆరడుగుల గుమస్తాకు భుజాల కిందే ఆగిపోతుంది. ప్రమోషన్ వస్తే గానీ ఆయన మెడకు మోక్షం లేదు. తీరా వచ్చాక తేలేదేమిటంటే, ఆ మెత్తటి దిండు వీపు సీటు లోతును ఇంకా తినేస్తుంది. నడుముకని పెట్టిన ఉబ్బు పొడుగువాడికి తుంటి మీద తగులుతుంది, మెడకని పెట్టిన దిండు భుజాల మధ్య పొడుస్తుంది. లంబార్ సపోర్ట్, హెడ్‌రెస్ట్ రెండూ పైకీ కిందకీ జరగాలి. జరగనివి ఫొటో కోసం.

వాలడంలోనూ ఇదే తంతు. సీటు నడిమధ్యన ఒకే ఇరుసు మీద ఊగే రకంలో, వెనక్కి వాలగానే సీటు ముందంచు లేచి కాళ్లు గాల్లో తేలతాయి. సింక్రో మెకానిజంలో వీపు రెండు డిగ్రీలు వాలితే సీటు దాదాపు ఒక డిగ్రీయే కదులుతుంది. మొండెం పొడుగైనకొద్దీ అదే బరువు స్ప్రింగును ఎక్కువ గుంజుతుంది. ఆ స్ప్రింగును బిగించే కింది నాబ్ చివరిదాకా తిప్పినా కుర్చీ దభీమని వెనక్కి పోతోందంటే ఆ స్ప్రింగు ఆ మనిషికి చాలదు, ఇంకెంత తిప్పినా దండగ.

బరువు దగ్గరికొస్తే ద్వారకానగర్ అయినా డాబాగార్డెన్స్ అయినా సంభాషణ ఒకటే.

“ఎంత బరువు ఆగుతుందండీ?”

“ఏటీ అవ్వదు సార్. నూటయాభై కేజీలు గ్యారంటీ.”

“టెస్ట్ సర్టిఫికెట్ ఏమన్నా ఉందా?”

“కాగితమేటి సార్, నేను సెప్తన్నాను కదా.”

మామూలు కుర్చీకి ఈ పాటి హామీ అమెరికా ఫర్నిచర్ తయారీదారుల సంఘం బిఫ్మా కూడా ఇవ్వలేకపోయింది. వాళ్ల ఎక్స్5.1 ప్రమాణం 2017 కూర్పు 275 పౌండ్లు, అంటే సుమారు 125 కిలోల దగ్గర ఆగింది. అది దాటినవాళ్లకు ఎక్స్5.11 అని వేరే పరీక్ష పెట్టి 400 పౌండ్లు, సుమారు 181 కిలోల దాకా వెళ్లారు. యూరప్ ప్రమాణం ఈఎన్ 1335 అయితే 110 కిలోలకే దణ్ణం పెట్టేసింది. మన దేశపు ప్రమాణాల సంస్థ బీఐఎస్ వర్క్ చైర్లకు 2022లో ఐఎస్ 17631 ప్రమాణం ఇచ్చింది. అడగాల్సింది ఈ నంబర్లు. అదీ మొత్తం కుర్చీకి. సీటును పైకీ కిందకీ జరిపే గొట్టం, అంటే గ్యాస్ లిఫ్ట్ మీద ‘క్లాస్ 4’ అని ముద్ర చూపించి ఊరుకుంటారు. ఆ ముద్ర గొట్టానికే గానీ చక్రాలు బిగించే కింది నైలాన్ స్టార్ బేస్‌కు కాదు. కుర్చీని తలకిందులు చేసి చూడాలి. బేస్ మధ్య బొడ్డు చుట్టూ పగుళ్లు, సీటు కింద పల్చటి రేకు ప్లేటు, ప్లైవుడ్‌లో వదులైన బోల్టులు: విరిగేది ముందు ఇక్కడే. భారీకాయులకు బేస్ అడ్డుకొలత 70 సెంటీమీటర్లు, చక్రం 60 మిల్లీమీటర్లు ఉంటే నయం. సీటు ఫోమ్‌ను బొటనవేలితో గట్టిగా నొక్కినా కింద చెక్క తగలకూడదు.

ఎత్తు చాలనివాళ్లు కుర్చీ మొత్తం మార్చక్కర్లేదు. 100 మిల్లీమీటర్లు లేచే గ్యాస్ లిఫ్ట్ తీసి 140 లేచేది వేయించుకోవచ్చు. పైప్ రెంచ్, సుత్తి ఉంటే ఊడొస్తుంది. కొత్తది కొనేముందు పాతదాని పైకొన, కిందికొన కొలతలు సరిచూసుకోవాలి. గొట్టాన్ని మాత్రం విప్పకూడదు, లోపల నైట్రోజన్ ఒత్తిడితో నిండి ఉంటుంది. పొడుగు గొట్టం వేస్తే కుర్చీ దిగే కనిష్ఠం కూడా పెరుగుతుంది. నైట్ షిఫ్టులో పొట్టివాడు ఎక్కితే కాళ్లు వేలాడతాయి. వాడు ఊరుకుంటాడా, పొద్దున్నకల్లా కుర్చీని ఇంకో ఫ్లోరుకు తోసేస్తాడు. వెనక మార్కర్‌తో పేరు రాసుకోవడమొక్కటే దారి. సీటు లేచాక టేబుల్ అడ్డం. 75 సెంటీమీటర్ల టేబుల్ కింద కీబోర్డ్ ట్రే ఉంటే తొడలకు చోటుండదు. ట్రే విప్పేసి, టేబుల్ కాళ్ల కింద రెండంగుళాల చెక్క దిమ్మలు పెట్టించాలి.

ఇక మన ఊరి గాలి. పీయూ రెగ్జిన్ సముద్రపు తేమకు పొలుసులుగా ఊడి, ఉద్యోగి ప్యాంటు వెనక నల్లటి ముక్కలై అంటుకుంటుంది. క్రోమ్ బేస్ ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. బట్ట లేదా వలలాంటి మెష్ వీపు, ఫోమ్ సీటు, నైలాన్ లేదా అల్యూమినియం బేస్ ఇక్కడికి సరిపోతాయి. మెష్ సీటు మాత్రం బరువైనవాళ్లకు వద్దు. అది సాగాక చుట్టూ ఉన్న ఫ్రేము తొడల్లోకి దిగుతుంది.

కుర్చీలు కావాలని పంపే ఇండెంట్ ఫారంలో ఎత్తుకు, బరువుకు రెండు గడులు పెట్టమని కొందరు ఆశావాదులు అర్జీలు పెడుతుంటారు. కమిటీలు సానుభూతితో పరిశీలించి, ఉద్యోగుల వ్యక్తిగత వివరాలు బయటపెట్టడం సబబు కాదని తోసిపుచ్చుతాయి. ఉన్న గడినే శ్రద్ధగా నింపమంటాయి: నలుపు, నీలం, ముదురు నీలం.